చెట్టెక్కిన మంచె – తలకెక్కని మాట

మహాశివరాత్రినాడు మన యిండ్లలో పెద్దలు చెప్పు కథ నెఱుగనివారుండరు. బోయవాడొకడు లేళ్లకొఱకు నీటిపట్టున మారేడుచెట్టెక్కి రాత్రియంతయు మేల్కొని కూర్చుండెను. కునుకు రాకుండుటకై ఆకులు త్రుంచి క్రింద వేయుచుండెను. అవి చెట్టుమొదట నున్న లింగముపై బడి వానికి మోక్షహేతువు లయ్యెను. ఈ కథ విని మనము చేతులు జోడింతుము. కాని యారాత్రి యాబోయ కునుకుపాటున జాఱి క్రిందబడి యుండినచో నేమయ్యెడిదని యడిగిన శ్రోత నింతవఱకు మేము చూడలేదు. నడుము విఱిగి చెట్టుక్రింద తెల్లవాఱువఱకు మూల్గుచుండినచో వాని యాలుబిడ్డల కెవరు కబురు చెప్పుదురు? ఈ ప్రశ్ననే మేము నేడు మఱియొక దేశపు టడవులంగూర్చి యడుగదలచితిమి.

అమెరికాలో జింకవేటకు బోవువారు కొందఱు చెట్టున కొక యినుపపీట తగిలించుకొని, దానితోడనే పైకి బ్రాకి, పదునైదిరువది యడుగుల యెత్తున గూర్చుందురు. దానిని వారు క్లైంబింగు ట్రీస్టాండు అందురు. మనము ఎక్కుమంచె యందము. మన తెలుగువారి పిల్లలు వేలకొలది యాదేశమున గాపురములు చేయుచున్నారు. వారిలో గొందఱు చుట్టుప్రక్కలవారితో గలసి యీవేటను మరగినారు. ఈసంగతి పొక్కినపుడు మన యిండ్లలో జరుగు వాదము మేము వినియున్నాము. ఒక పక్షమువారు ‘వంశములో నెన్నడైన నున్నదా యీబోయతనము?’ అందురు. రెండవ పక్షమువారు ‘ఏదేశమున నున్నవారు ఆదేశపు నడవడి ననుసరింపవలదా?’ అందురు. పాపమా, కాదా యని గడియలకొలది తర్కింతురు. అబ్బాయి చెట్టెక్కునపుడు నడుమునకేమైన గట్టుకొనుచున్నాడా యని మాత్రము ఒక్కరును అడుగరు.

మా మాట ముందే చెప్పెదము. వేట తగునా తగదా యన్నది వేఱువాదము. చెట్టునకు దన్ను దాను గట్టుకొనక యెక్కువాడు తన యింటివారికి ద్రోహము చేయుచున్నాడు. అట్టివాడు పడినపుడు ‘తగినశాస్తి యయినది’ అనువాడు అంతకంటె హీనమైన పని చేయుచున్నాడు. సిగ్గుచేత నీవిషయమును దాచు తల్లిదండ్రులు, తమకు దెలియకయే, ఆయపాయమును రెండింతలు చేయుచున్నారు. ఈమూడవమాట పలువురకు గష్టము గలిగించును. అయినను అదియే ముఖ్యము.

నేలమీద నిలుచుండి వేటాడరాదా, చెట్టేల యని చదువరు లడుగవచ్చును. అక్కడి తెల్లతోకజింక మన దుప్పికంటె దెలివిలో దీసిపోయినది కాదు. దాని ముక్కు మనుష్యుని వాసనను మిక్కిలి దూరమునుండియే పసిగట్టును. కన్నులు తలకిరుప్రక్కల నుండుటచేత దాదాపు చుట్టును చూడగలదు. వన్నెలలో నెఱుపును నారింజయు దానికి సరిగా దెలియవు గనుకనే వేటగాండ్రు ఒకరినొకరు చూచి గుర్తించుటకై నారింజవన్నె చొక్కాలు తొడిగికొందురు. పెక్కురాష్ట్రములలో దుపాకివేట కాలమున నది చట్టము కూడ. కాని ఏమాత్రము కదలినను జింక కనిపెట్టును. ఎత్తున నున్నవాడు దాని చూపున కంతగా దగులడు. వాని వాసన గాలితో గొంత పైపైన బోవును. మఱియొక మేలును గలదు. పైనుండి క్రిందికి విడిచిన గుండు గుఱితప్పినను నేలలో దిగబడునే గాని పొలములమీదుగా బాఱి యెవనినో తాకదు. దశరథమహారాజు నీటిచప్పుడు విని, ఏనుగనుకొని, మునికుమారుని గొట్టిన కథ మనకు దెలియును. కంట జూడక బాణము విడుచుట యెంతటి యనర్థమో యాకథకంటె బాగుగా జెప్పునది లేదు. చెట్టుపై నున్నవానికి జూచి కొట్టు నవకాశ మెక్కువ. కావున చెట్టెక్కుట తెలివితక్కువ పని యని మేమనము.

ఇక నాయంత్ర మెట్టిదో చెప్పవలెను. ఇందు రెండు ముక్కలుండును. పైది కూర్చుండుటకు, క్రిందిది పాదములు మోపుటకు. ఒక్కొక్కదానికి బలమైన తీగయో పట్టెడయో యుండును. దానిని చెట్టుచుట్టును ద్రిప్పి మరల బిగింతురు. వేటగాడు పైముక్కపై బరువుమోపి కూర్చుండి, పాదములకు దగిలించుకొన్న క్రిందిముక్కను మోకాళ్లు ముడిచి పైకి లాగుకొనును. పిదప దానిపై నిలుచుండి, పైముక్క నెత్తి మఱికొంత పైన నుంచును. గొంగళిపురుగు నడకవలె నిట్లు అడుగడుగున బైకి బోవును. మేకు లేదు, నిచ్చెన లేదు. చెట్టున కాని పట్టుకొనునది బరువువలన గలుగు రాపిడియే.

ఈపద్ధతి మన కెచ్చటనో చూచినట్లు లేదా? తాటిచెట్టెక్కు గౌడుని మోకును జ్ఞప్తికి దెచ్చుకొనుడు. చెట్టును తననడుమును గలిపి చుట్టిన మోకుపై వెనుకకు వాలి, పాదములను మ్రానికి దన్ని, మోకును జానెడు పైకెగురవేయుచు నతడు నలువది యేబది యడుగు లెక్కును. అమెరికా కర్మాగారములలో దయారగు ఆయినుపమంచెకును మన యూరిగీతకాని మోకునకును మూలసూత్ర మొక్కటే. ఆమంచెను వెలపెట్టి కొనువారిలో నొక్కడైనను దన చిన్నతనమున దాటితోపుప్రక్కగా బడికి బోయినవాడు లేకపోడు. అట్టివాడు ఆమోకు నెన్నడైన దలయెత్తి చూచెనో లేదో మాకు దెలియదు. కులముపేరు చెప్పి యాపని నీచమని యతనికి నేర్పిన పెద్దలే యిప్పుడు అతని భద్రతకై దిగులుపడవలసి వచ్చినది.

రాపిడిపై నిలుచునది రాపిడి తగ్గినపుడు జాఱును. ఇందు వింతయేమియు లేదు. మ్రాను నున్ననిదైనను, బెరడు పెచ్చులుగా నూడునదైనను, వాన కురిసినను, మంచు పట్టినను తీగ పట్టు వదలును. చెట్టు పైకి బోవుకొలది సన్నబడును గనుక, క్రింద సమముగా నుంచిన పీట పైకి బోవుసరికి ముందునకు వాలును. ఆరితేఱినవారు మొదటనే దానిని గొంచెము పైకి దిరుగునట్లు బిగింతురు. రెండుముక్కలను గలుపు త్రాడు కట్టనిచో, వేటగాడు పైముక్కపై గూర్చుండి కాళ్లెత్తినపుడు క్రిందిముక్క జాఱి మొదటికి బోవును. వాడు ఇరువది యడుగుల మీద గాళ్లు వ్రేలవైచుకొని యుండవలసినదే. ఇదిగాక వేటకు బోవువాడు తెల్లవాఱకముందే లేచును. చలిలో గదలక మెదలక గడియలకొలది కూర్చుండును. ఆస్థితిలో గునుకురానివాడు మనుష్యుడు కాడు. మన బోయకు మారేడాకులైన నుండెను.

వేట యనగానే మనకు దుపాకి గుండే భయము. నిజ మట్లు లేదు. ఒహాయో రాష్ట్రమధ్యమున రెండు పెద్ద యాసుపత్రులకు 1998 మొదలు 2007 వఱకు వేటలో గాయపడి వచ్చిన 130 మందింగూర్చి వైద్యులు పరిశీలించి 2010లో నొకవ్యాసము ప్రకటించిరి. అందు సగము మంది పైనుండి పడినవారు. వారిలో బదింట దొమ్మిదిమందికి మించి చెట్టుపై మంచెలనుండి పడినవారే. గుండు తగిలినవారు నూటికి 29 మంది మాత్రమే. అనగా దుపాకికంటె జెట్టే యెక్కువమందిని ఆసుపత్రి కంపినది. తుపాకిని బీరువాలో బెట్టి తాళము వేయుదురు, తూటాలను వేఱుచోట దాతురు. మంచెనో? గోడమూల నానించి, మఱునాడు చీకటిలో బుజమున వేసికొని పోవుదురు.

దీనికి బ్రతిక్రియ యెప్పుడో కనిపెట్టబడినది. భుజములకును, ఱొమ్మునకును, తొడలకును దగిలించుకొను పట్టీల హార్నెసు ఒకటి కలదు. దాని వీపుననుండి వచ్చు పట్టెడను చెట్టుచుట్టు గట్టిన త్రాటికి దగిలింతురు. ఆత్రాటిముడి చేతితో జరపినపుడు జరుగును, బరువుపడినపుడు బిగియును. నేలమీద నున్నపుడే కట్టుకొని, మంచెతోబాటు ముడిని జరుపుకొనుచు బోయినచో మంచె జాఱినను మనిషి జాఱడు. పేరుగల తయారీదారులు మంచెతోడనే హార్నెసు నిచ్చుచున్నారు. ప్రత్యేకముగా వెలపెట్ట నక్కఱలేదు. పెక్కుచోట్ల నాసంచి విప్పబడకయే మూలబడియున్నది!

ఎందుకు కట్టుకొనరని యడుగుడు. ‘ఇరువదియేండ్లనుండి యెక్కుచున్నాను, ఏమియు గాలేదు’ అనువారు కొందఱు. స్థిరమైన మంచెవిషయమున నీమాట కింతైన నర్థ ముండవచ్చును. ఎక్కుమంచె నేడొక చెట్టునకు, రేపొక చెట్టునకు దగిలించునది. నిన్నటి చెట్టు జాఱనీయలేదు గనుక నేటిచెట్టు జాఱనీయదనుట యే తర్కమున జెల్లును? వారు గడించినది అనుభవము కాదు, ఇరువదియేండ్లు చెట్లు చూపిన దాక్షిణ్యము. ‘మగవానికి బసిబిడ్డవలె నడుమునకు ద్రాడా?’ అనువారు మఱికొందఱు. గౌడుని మగతనముముం దీకార్యాలయపు మగతన మేపాటిది? అతడు మోకు సరిచూచుకొనక చెట్టుమీద జేయివేయడు. ‘చీకటిలో మందపు కోటుపై నాబొందులు బిగించుట విసుగు’ అనువారు గొందఱు గలరు. వీరు నిజము చెప్పుచున్నారు గనుక వీరిపై మాకు గౌరవము. వీరు బండి దిగకముందే దీపమువెలుగున దానిని దొడిగికొందురుగాక!

ఇక కర్మవాదులు. వీరు వేటకు బోరు. వారి స్థానము పేరంటములు, విందులు. వేటలో నొకడు చెట్టుమీదినుండి పడెనని వినగానే ‘మూగజీవమును జంపబోయినాడు, దేవుడు చూపించినాడు’ అని విస్తరిముందు గూర్చుండి తీర్పు చెప్పుదురు. అయ్యా, ఈదైవ మెట్టిదో మాకు బోధపడలేదు. ఏటేట జింకలను గొట్టి, పట్టీ బిగించుకొన్నవాడు సుఖముగా నిల్లుచేరుచున్నాడు. పుట్టినది మొదలు చీమకు హాని చేయక, మొదటినాడే పట్టీ లేక యెక్కినవాడు పడుచున్నాడు. మీదేవునికి బాపపుణ్యములు కనబడుట లేదు, పట్టీబొందు మాత్రమే కనబడుచున్నది! కొబ్బరికాయలు దింపువాడు పడుచున్నాడు. కరెంటుస్తంభ మెక్కినవాడు పడుచున్నాడు. వీరెవరిని జంపబోయిరి? మనువు కామజములైన పదివ్యసనములలో మృగయను మొదట జెప్పెనని శ్లోకము చదువుదురు. చెప్పెను, నిజమే. పడినవానిని జూచి నవ్వుమని చెప్పెనా? ఆపదింటిలోనే పగటినిద్రయు, పరనిందయు గూడ నున్నవి. భోజనానంతరము ఆరెంటికిని దీరిక చేసికొను పెద్దలు మొదటిదాని నొక్కదానినే పట్టుకొనుట న్యాయమా? శాకుంతలమున సేనాపతి వేటను బొగడును, విదూషకుడు దానివలన దన యొడలు హూనమైనదని మొఱపెట్టును. కాళిదాసు ఇరువురకును మాటాడ నవకాశ మిచ్చెను. మన విందులలో నొకరికే యిత్తుము.

అహింసావ్రతులైన చదువరులు మమ్ము దప్పుగా గ్రహింపకుందురుగాక. మేము వేటకు బ్రచారము చేయుట లేదు. మనదేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము వేటను నిషేధించినది. ఆనిషేధము మాకు బూర్ణముగా సమ్మతము. ఈయినుపమంచెను నల్లమలకు దెచ్చి దుప్పులపై బ్రయోగింపదలచువాడు వేటగాడు కాడు, దొంగ. అక్కడి స్థితి వేఱు. 1900 ప్రాంతమున విచ్చలవిడి వేటచేత నాదేశమున తెల్లతోకజింకలు సుమారు అయిదు లక్షలకు దిగిపోయెను. పిమ్మట ఋతువులు, లైసెన్సులు, పరిమితులు నేర్పడినవి. 1937లో జేసిన శాసనముచేత దుపాకులపైనను తూటాలపైనను వచ్చు పన్ను వన్యప్రాణుల రక్షణకై రాష్ట్రములకు బోవుచున్నది. నేడు వాని సంఖ్య మూడుకోట్ల ప్రాంతమున నున్నది. తోడేళ్లు లేని పెక్కుప్రదేశములలో నవి మొలకల నంటమేసి యడవిని లేవనీయకున్నవి, బాటలపై గార్లక్రింద బడి చచ్చుచు మనుష్యులనుగూడ జంపుచున్నవి. ఇదంతయు విన్నపిదపను వేట వలదనువారున్నచో వారితో మాకు గలహము లేదు. ఆదివారము మాంసపుదుకాణమువద్ద వరుసలో నిలుచుండి, జింకను గొట్టినవానిని గసాయివాడనువారితోనే మా కలహము.

ఇప్పుడు మా మూడవమాట. మా యెఱుకలో నొకకుటుంబము కలదు. పేరు చెప్పము. కుమారుడు అమెరికాలో మంచి యుద్యోగములో నున్నాడు. వేటకు బోవుచున్నాడని తెలిసిన దినమున దల్లి రెండుపూట లన్నము మానెను. తండ్రి ‘ఈమాట బంధువులలో బొక్కరాదు’ అని యాజ్ఞ వేసెను. నాటినుండి యతడు వేట మానలేదు, చెప్పుట మానెను. తుదకు భార్యకుగూడ ‘స్నేహితునింటికి’ అని చెప్పి పోవుచుండెను. ఒక నవంబరుమాసమున మంచె జాఱి పదునాలుగడుగులనుండి పడి, మడమయు వెన్నుపూసయు జితికి, అయిదుగంటలు ఆకులలో బడియుండెను. ఫోను సంచిలో నుండెను. ఆసంచి చెట్టుపైన కొక్కెమునకు వ్రేలాడుచుండెను. భార్య స్నేహితునింటికి ఫోను చేయలేదు. ఏల చేయును? విందులో నున్నాడనుకొనెను. త్రోవదప్పి వచ్చిన వేటగాడెవడో చూడబట్టి బ్రతికెను. ఇప్పుడు చేతికఱ్ఱతో నడచుచున్నాడు. మెట్లమీద మంచునకు జాఱినాడని తల్లిదండ్రులు నేటికిని బంధువులతో జెప్పుచున్నారు.

ఆయయిదుగంటలు అతనిని నేలపై బడవైచి యుంచినది మంచె కాదు, ఆయింటి మర్యాద. చెట్టెక్కువాడు ఏచెట్టో, ఎన్నిగంటలకు వచ్చునో ఇంట నొకరికి జెప్పి పోవలెను. ఇది ఆదేశపు వేటపాఠములలో మొదటి పాఠము. సిగ్గుపడు ఇంటిలో నీపాఠ మెట్లు సాగును? హార్నెసు కట్టుకొన్నవానికిని నిది యవసరమే. మంచె జాఱి పట్టీలలో వ్రేలాడువానికి దొడలవద్ద రక్తము నిలిచిపోయి, నిమిషముల లెక్కలో సొమ్మసిల్లు ప్రమాదము గలదు. పాద ముంచి యొడలి బరువు తేల్చికొనుటకు వేఱొక చిన్నపట్టెడ కావలెను. ఫోనో, ఈలయో ఱొమ్మునకు దగిలియుండవలెను. వెదకివచ్చు మనిషి యొకడుండవలెను. ఆమనిషిని గర్మాగారము సంచిలో బెట్టి పంపదు.

కావున సోదరీమణులారా, మీతమ్ముడో, మఱిదియో, కొడుకో యీవేటను మరగియున్నచో, మీ కిష్టములేదని చెప్పుడు. వలసినచో గోపగించుడు. మీయింటికి మాంసము తేవలదని కట్టడి చేయుడు. అది మీ హక్కు. కాని యామాటతో ఫోను పెట్టివేయకుడు. నేలనుండియే పట్టీ తగిలించుకొనుచున్నావా? రెండుముక్కలను గలుపు త్రాడు కట్టినావా? తుపాకిలో దూటాలు తీసివేసి, పైకెక్కిన పిదపనే త్రాటితో లాగుకొనుచున్నావా, చేతబట్టుకొని యెక్కుచున్నావా? ఎండకు మాగిన పాతపట్టెడలు మార్చినావా? ఎన్నిగంటలకు దిగుదువు? అని యడుగుడు. ఈప్రశ్న లడిగినంతమాత్రమున వేట నంగీకరించినట్లు కాదు. సంధ్యవార్చు తండ్రి యడిగినను వారి యాచారమునకు లోపము రాదు.

మనయూరి తాటితోపులోను నిదే ప్రశ్న యున్నది. మోకు గౌడుని పైకి జేర్చును గాని, అది తెగినను జాఱినను నతని బట్టి నిలుపునది వేఱొకటి లేకపోయెను. తరతరములుగా బడి చచ్చినవారు చచ్చిరి, మంచమున బడినవారు పడిరి. కాటమయ్యకు మ్రొక్కుటయే యతనికి రక్షణముగా నుండెను. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వము ఆకాటమయ్యపేరనే రక్షణసామగ్రిని గీతకార్మికుల కిచ్చుట కారంభించినది. పట్టీలు, త్రాళ్లు, కొక్కెములు అన్నియు నందున్నవి. చూడబోయిన నవి అమెరికా వేటగాని హార్నెసునకు దగ్గఱచుట్టములే. ఆవార్త పత్రికలలో వచ్చిననాడు మన చదువుకొన్న యిండ్లలో నెందఱు దానిని బూర్తిగా జదివిరి? వినోదమున కెక్కువాడు పడినచో శాస్త్రచర్చ చేయుదుము. పొట్టకూటి కెక్కువాడు పడినచో బుటదిప్పుదుము. ఈసామగ్రి ప్రతితోపునకు జేరినదా, వాడుక నేర్పినారా, త్రాళ్లు అరిగినపుడు క్రొత్తవి యెవరిత్తురు అని మండలకార్యాలయమునకు బోయి యడుగువారు ఊరికొక్క రుండినను మేలు.

వేటకాలము అక్కడ పెక్కురాష్ట్రములలో సెప్టెంబరు, అక్టోబరు మాసములలో విల్లంబులతో మొదలై, నవంబరున దుపాకులతో సాగును. మంచెలు గోడమూలలనుండి బయటికి వచ్చుట అప్పుడే. ఆసంచి విప్పినాడో లేదో, అంతకుముందుగానే ఒకసారి ఫోనులో నడిగి తెలిసికొనుడు.